మంట లేని వంట

నాకు మూర్ఛ ఉంది. మా వైపు ఫిట్స్ అనే అంటారు. పదో తరగతిలో ఉండగా మొదలైంది. రోజూ మాత్రలు వేసుకుంటాను కాబట్టి చాలావరకు అదుపులోనే ఉంటుంది. కానీ ఎప్పుడో ఒకసారి చెప్పాపెట్టకుండా వస్తుంది. వస్తున్నట్టు నాకు తెలియదు. కళ్లు తెరిచేసరికి నేలమీద ఉంటాను, ఎవరో నన్ను పిలుస్తుంటారు.

మా నాన్న ఈ సంగతి పెళ్లిచూపుల్లోనే దాచకుండా చెప్పాడు. మా ఆయన మార్టూరులో గ్రానైట్ పలకలు పాలిష్ చేసే చోట సూపర్‌వైజరు. "మాత్రలు మానకుండా వేసుకుంటే చాలు గదండీ" అన్నాడు. మా అత్తయ్య కాసేపు ఆలోచించి, "మా చిన్నాయనకీ ఉండేది. పిల్లల్ని కన్నాడు, వ్యవసాయం చేశాడు, ఏం తక్కువ?" అంది. ఆ మాటతో పెళ్లి కుదిరింది.

మా పాపకు మూడో ఏడు నడుస్తుండగా ఒకరోజు పొద్దున పొయ్యి మీద పప్పుచారు మరుగుతోంది. గరిటె చేతిలో పట్టుకుని ఉప్పు చూడబోతున్నాను. అంతవరకే గుర్తుంది. నేను పడుతూ గిన్నెను నా మీదికి లాక్కున్నానట. ఎడమచెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలింది. పెరట్లో బట్టలు ఆరేస్తున్న అత్తయ్య చప్పుడు విని పరిగెత్తుకొచ్చేసరికి పొయ్యి ఇంకా మండుతూనే ఉంది, నా చీర కొంగు దానికి జానెడు దూరంలో వేలాడుతోంది. పాప గుమ్మంలో నిలబడి చూస్తోందట.

పుండు మానింది. అత్తయ్య భయం మాత్రం మానలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చిన రోజే చెప్పింది.

"అమ్మాయ్, ఇక నువ్వు ఆ పొయ్యి జోలికి పోమాక. నేను బతికున్నంతకాలం వండిపెడతా. నామీద ఒట్టు."

అందులో కోపం లేదు. అందుకే ఎదురు చెప్పలేకపోయాను. ముందు పొయ్యి పోయింది, తర్వాత కత్తిపీట పోయింది, చివరికి వేడి టీ గ్లాసు కూడా ఎవరో ఒకరు తెచ్చి చేతికిచ్చేవాళ్లు. కరెంటు కుక్కర్‌లో అన్నం పెట్టడం మాత్రం నాకు మిగిలింది. మా ఇంట్లో నేనే చుట్టాన్నయ్యాను.

చెయ్యి కాలినప్పుడు నన్ను చూడటానికి వినుకొండ నుంచి మా ఆయన అక్క వచ్చింది. నేను నిద్రపోతున్నాననుకుని వసారాలో వాళ్లమ్మతో అంది: "వండిపెట్టే మనిషి వస్తదనుకుంటే, వండిపెట్టాల్సిన మనిషి వచ్చిందే అమ్మా." అత్తయ్య దాన్ని కసిరింది. కానీ విన్న మాట విన్నదే.

అయినా ఆ మాటకంటే ఎక్కువగా నన్ను కదిలించింది మా పాప. నాలుగైదేళ్లు గడిచి అది రెండో తరగతికొచ్చింది. బడి నుంచి ఎగురుకుంటూ వచ్చి, "అమ్మా, ఇవాళ టీచరు మీ అమ్మ వంటల్లో మీకేది ఇష్టం అని అడిగింది. మా అమ్మకి వంట రాదు, మా నాయనమ్మకి వచ్చు అని చెప్పా" అంది. దాని మొహంలో ఏ బాధా లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. నేను నవ్వి తలనిమిరి పెరట్లోకి వెళ్లి బట్టలుతికే బండ మీద కూర్చున్నాను. నాకు వంట రాకపోవడమేమిటి? గోంగూరలో పులుపెంత ఉందో ఆకు నలిపి వాసన చూసి చెప్పగలను. వంకాయ కారం పెట్టి కూర చేస్తే మా నాన్న అన్నం ఇంకోసారి పెట్టించుకునేవాడు. ఆ చేయి ఇప్పుడు ఒళ్లో ఊరికే పడి ఉంది.

తర్వాత గుంటూరు డాక్టరుగారి దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రల గురించి మాటలన్నీ అయ్యాక నేనే అడిగాను.

"నేను వంట చేసుకోవచ్చా మేడం?"

ఆవిడ నా చేతిమీది మచ్చ చూసింది. "ఇంట్లో గ్యాసు పొయ్యేనా?"

"అవునండి."

"దాని దగ్గర ఒక్కరే ఉండొద్దు. మైక్రోవేవ్ కొనుక్కోండి. మంట ఉండదు. పెట్టిన టైం అయిపోగానే దానంతటదే ఆగుతుంది. మీరు పడినా గిన్నె లోపలే ఉంటుంది, మీ మీద పడదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, వేడి గిన్నె చేత్తో పట్టుకుని నడవొద్దు. చల్లారనివ్వండి, లేదా ఇంకొకరిని తియ్యమనండి."

ఇన్నేళ్లలో ఎవరూ నాకు 'వద్దు'తో పాటు 'చెయ్యి' అని చెప్పలేదు. బస్సులో చిలకలూరిపేట దాటేదాకా నేను కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ నవ్వుతూనే ఉన్నాను. మా ఆయన, "ఏంటి, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?" అన్నాడు. "ఆదివారం ఒంగోలు పోదామండీ" అన్నాను.

ఆదివారం సాయంత్రానికి మైక్రోవేవ్ పెట్టె ఇంటికొచ్చింది. అత్తయ్య దాని చుట్టూ తిరిగి చూసింది.

"ఇందులో నిప్పేదిరా?"

"నిప్పుండదమ్మా. కూరలో ఉన్న తడినే అది వేడి చేస్తది" అన్నాడు మా ఆయన.

"మరి ఆ కిరణాలో ఏందో, అవి తిండిలో ఉండిపోతయ్యంట గదా. సెల్లులో చూపించారు."

"ఉండవమ్మా. లైటు ఆర్పితే వెలుతురు గదిలో ఉంటదా? ఇదీ అంతే. తలుపు తీయగానే ఆగిపోద్ది. తలుపు సరిగ్గా పడకపోయినా, వంకరపోయినా మాత్రం వాడకూడదు, బాగుచేయించాల."

అత్తయ్య నమ్మలేదు. అలాగని అడ్డమూ చెప్పలేదు. "నన్ను మాత్రం అందులోది తినమనమాక" అని పోయి తన పొయ్యి దగ్గర నిలబడింది.

మా ఆయన పని దగ్గర్నుంచి మిగిలిపోయిన నల్లరాతి పలక తెచ్చాడు. అంచులు గుండ్రంగా అరగదీసి, వంటింటి మూలలో నా నడుమెత్తుకు గోడకు బిగించాడు. పెట్టె పక్కన జానెడు కాదు, గిన్నెలు నాలుగు పట్టేంత చోటు వదిలాడు. "గిన్నె ఎత్తే పని లేదు. ఇట్టా పక్కకి జరుపుకో, చాలు" అన్నాడు. ఆ పలక మీద చెయ్యి వేసి నిలబడితే నాకు ఎంత బలమొచ్చిందో చెప్పలేను.

బలమొచ్చిందిగానీ తెలివి వెంటనే రాలేదు. మొదటి వారం కోడిగుడ్డు పెంకుతో సహా పెట్టాను. డబ్మని పేలింది. తలుపు మూసే ఉంది కాబట్టి సరిపోయింది, పెట్టె లోపలంతా గుడ్డు అతుక్కుపోయింది. రెండు రోజుల తర్వాత అంతకంటే ఘనకార్యం చేశాను. పచ్చడికి ఎండుమిరపకాయలు వేయించుకోవాలని గుప్పెడు పళ్లెంలో పోసి తిప్పాను. తలుపు తీయగానే ఘాటు మొహాన కొట్టింది. ఇల్లంతా దగ్గు. అత్తయ్య, పాప, నేను వీధిలోకి పరిగెత్తాం. గుంటూరు మిర్చి యార్డుకి మిరపకాయల టిక్కీలు వేసుకుపోతున్న లారీ డ్రైవరు కూడా తుమ్ముతూ, "ఏందమ్మా, మా లారీ కంటే మీ ఇల్లే ఘాటుగా ఉంది!" అని అరిచి పోయాడు. కళ్లు తుడుచుకుంటూ అత్తయ్య నవ్వింది. నేను చేయి కాల్చుకున్న తర్వాత వంటింటి విషయంలో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

తర్వాత తప్పు ఆవిడ చేసింది. చల్లారిన కాఫీని స్టీలు గ్లాసుతోనే లోపల పెట్టి మీట నొక్కింది. టపటపమని మెరుపులొచ్చాయి. "ఒరేయ్, వెల్డింగు చేస్తందిరా ఇది!" అని కేకపెట్టి వెనక్కి గెంతింది. నేను ఆపేశాను. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరు గిన్నె పట్టుకుని అటు వెళ్లినా అత్తయ్యే అడిగేది: "స్టీలు కాదు గదా? బంగారు అంచు లేదు గదా?"

నేను నెమ్మదిగా నేర్చుకున్నాను. మైక్రోవేవ్‌కి పనికొస్తుందని అడుగున రాసి ఉన్న గాజు గిన్నెలు, పింగాణీ గిన్నెలు తప్ప మరొకటి వాడేదాన్ని కాదు. హోటలు నుంచి వచ్చే పల్చటి ప్లాస్టిక్ డబ్బాలన్నీ తీసి పప్పులు పోసుకోవడానికి ఇచ్చేశాను. మూత బిగించకుండా, ఆవిరి పోయేలా ఓరగా వదిలిపెట్టేదాన్ని. తీసేటప్పుడు మొహానికి అవతలి వైపు నుంచి తీసేదాన్ని. బంగాళాదుంపకి, నిండు వంకాయకి ఫోర్కుతో గాట్లు పెట్టకపోతే అవీ గుడ్డులాగే పేలతాయి. అన్నిటికంటే నన్ను మోసం చేసింది పప్పు. అంచున సలసలా కాగుతుంటుంది, మధ్యలో వేలు పెడితే చల్లగా ఉంటుంది. సగంలో ఆపి కలిపి మళ్లీ పెట్టాలి. ఆగిన తర్వాత కూడా కాసేపు లోపలే ఉంచితే వేడి తనంతట తాను సర్దుకుంటుంది. ఆ ఆగడం నాకు రెండు విధాల పనికొచ్చింది. వంటా పూర్తయ్యేది, గిన్నే నా చెయ్యి ఓర్చుకునేంత చల్లబడేది.

తాలింపు దగ్గర మాత్రం ఆగిపోయాను. నూనె అందులో ఎంత కాగిందో పైకి తెలియదు. కాగిన నూనె నా చేతిలో ఉండకూడదు. అందుకని కంది పప్పు నానబెట్టేటప్పుడే చెంచాడు నూనె, జీలకర్ర, చితక్కొట్టిన వెల్లుల్లి, కరివేపాకు కలిపేసేదాన్ని. ఉడుకుతుంటే ఇల్లంతా వాసన. మా ఆయన, పాప పోటీపడి తినేవాళ్లు. అత్తయ్య మాత్రం తన గిన్నెలోంచే వడ్డించుకునేది.

ఆవిడ మనసు మార్చింది నేను కాదు, నా జబ్బే.

ఒకరోజు పొద్దున మా ఆయన పనికి, పాప బడికి వెళ్లారు. దోసకాయ పప్పు లోపల పెట్టి, మీట నొక్కి, పలక పక్కన నిలబడ్డాను. కళ్లు తెరిచేసరికి నేలమీద పక్కకి తిరిగి పడుకుని ఉన్నాను. తల కింద మడతపెట్టిన తువ్వాలు ఉంది. అత్తయ్య పక్కనే కూర్చుని నా వీపు నిమురుతోంది. మునుపైతే చేతిలో తాళాల గుత్తి పెట్టేది. దాంతో పనిలేదు, పక్కకి తిప్పి పడుకోబెడితే చాలు, నోట్లో ఏమీ పెట్టొద్దు అని డాక్టరుగారు చెప్పినప్పటి నుంచి మానేసింది.

"ఏమీ కాలలేదు గదా?" అని అడిగాను. మాట ఇంకా సరిగ్గా రావడంలేదు.

అత్తయ్య లేచి పెట్టె దగ్గరికి వెళ్లింది. అది ఎప్పుడో ఆగిపోయి ఉంది. తలుపు తీసింది. గాజు గిన్నెలో పప్పు పెట్టింది పెట్టినట్టే, పసుపుపచ్చగా, మెత్తగా ఉడికి ఉంది. ఆవిడ దాన్ని, నన్ను మార్చి మార్చి చూసింది.

"నువ్వు పడ్డావు గానీ పప్పు పడలేదమ్మాయ్!" అంది. అని, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

మధ్యాహ్నం నేను లేచి కూర్చున్నాక, ఇద్దరికీ కంచాల్లో అన్నం పెట్టి, ఆ పప్పు తనకు తానే వడ్డించుకుంది. మొదటి ముద్ద తిని, "ఉప్పు కాస్త తక్కువైంది" అంది. రెండోసారి వడ్డించుకుంది. సాయంత్రం అటక మీద నుంచి నా కత్తిపీట దించి కడిగింది. మళ్లీ ఏమనుకుందో, "పీట వద్దులే" అని బజారుకెళ్లి పిడి ఉన్న చిన్న చాకు కొనుక్కొచ్చి, "బల్ల దగ్గర కూర్చుని తరుక్కో, నేను పక్కనుంటా" అంది.

ఆ వేసవిలో అత్తయ్యకు కంటి శుక్లం ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు పొగ, వేడి, పొయ్యి సెగ తగలకూడదన్నారు. ఇప్పుడు ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లం పొయ్యి దగ్గరికి పోకూడనివాళ్లమే. మా ఆయన, "కర్రీ పాయింట్ నుంచి తెస్తాలే" అన్నాడు.

"ఏం అక్కర్లేదు. నేనున్నాను" అన్నాను.

ఎన్నేళ్ల తర్వాత అన్నానో ఆ మాట! పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పో, వంకాయో, సొరకాయో. మిగిలింది చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, రాత్రికి మళ్లీ లోపలిదాకా పొగలొచ్చేట్టు కాచి ఇచ్చేదాన్ని. అత్తయ్య నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, చూడలేకపోయినా, వాసన చూసి సలహాలిచ్చేది.

తల్లిని చూడటానికి వినుకొండ నుంచి వదిన వచ్చింది. ముందుగా ఫోను చేయలేదు. భర్త, ఇద్దరు కొడుకులతో బస్టాండు నుంచి నేరుగా ఆటోలో దిగింది. మంచినీళ్లు తాగి, కొంగు దోపుకుని వంటింట్లోకి వచ్చేసింది.

"జరుగు అమ్మాయ్. అమ్మకి కళ్లు బాగాలేవు, నీ సంగతి తెలిసిందే గదా. నాలుగు మెతుకులు నేనే వండుతా."

నేను పలక మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను.

"వదినా, మీరు మా ఇంటికొచ్చారు. కూర్చోండి. వంట నాది."

వదిన నన్ను చూసింది, పెట్టెను చూసింది, గుమ్మంలో తల్లిని చూసింది.

"కూర్చోవే" అంది అత్తయ్య. "అది చెప్పిందంటే చేస్తది."

మా ఆయన్ని కోడిమాంసానికి పంపాను. కుక్కర్‌లో అన్నం పెట్టాను. మామిడికాయ పప్పు అయింది, వంకాయ కూర అయింది. మాంసం చిన్న ముక్కలు కొట్టించి, అల్లం వెల్లుల్లి, కారం, పెరుగు పట్టించి రెండు వంతులుగా చేశాను. ఒకేసారి పెడితే మధ్యలో ముక్కలు ఉడకవు. మొదటి వంతు సగంలో ఆపి కలిపి, మళ్లీ పెట్టి, చివర్లో పెద్ద ముక్క కోసి ఎముక దగ్గర ఎరుపు లేదని చూసి పక్కకు జరిపాను. రెండో వంతు లోపల పెట్టాను. వదిన గుమ్మం దాకా వచ్చి వాసన పీల్చి వెళ్లడం కనిపెట్టాను.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. పెట్టెలో దీపం ఆరింది. వీధిలో ఎవరో, "లైను పనంట, సాయంత్రానికే!" అని అరిచారు. వదిన లోపలికొచ్చింది. మొహంలో నవ్వు దాచుకోలేకపోయింది.

"ఇప్పుడేం చేస్తావమ్మాయ్? కరెంటొచ్చేదాకా అట్టాగే ఉంచుతావా?"

ఉంచకూడదు. సగం ఉడికిన మాంసం గోరువెచ్చగా ఉండిపోతే చెడిపోతుంది, తిన్నవాళ్లకు జబ్బు చేస్తుంది. అది నాకు తెలుసు. ఏం చేయాలో కూడా తెలుసు.

"ఉంచకూడదు వదినా. మీరు ఆ స్టవ్ వెలిగించండి. దాకలో ఇది పోసి సన్నసెగ మీద పెట్టండి. నేను ఇక్కడ కూర్చుని చెబుతుంటా. మంట మీది, కూర నాది."

వదిన ఈసారి నిజంగానే నవ్వింది. స్టవ్ వెలిగించింది. నేను బల్ల దగ్గర కూర్చుని, "ఇప్పుడు కలపండి, నీళ్లు పోయొద్దు, ఇంకాసేపు, ఆ పెద్ద ముక్క విడదీసి చూడండి" అంటుంటే చెప్పినట్టే చేసింది. అత్తయ్య కుర్చీలోంచి, "మెంతి ఆకు చివర్లో వెయ్యమను దాన్ని" అని నాకు చెప్పింది. కూతురికి చెప్పలేదు, నాకు చెప్పింది.

ఎనిమిది మందిమి చెమటలు కారుతుండగా, విసనకర్రలు విసురుకుంటూ భోంచేశాం. వదిన భర్త, అన్నయ్యగారు, మామిడికాయ పప్పు గిన్నె తన ముందుకే జరుపుకున్నారు. వదిన కొడుకులు మొదటి వంతు కూరా రెండో వంతు కూరా రుచిచూసి ఏది బాగుందో వాదులాడుకున్నారు. మా పాప కూరలో వేలు ముంచి నాకి, "అమ్మా, ఇది నువ్వే చేశావా?" అంది.

"మీ అమ్మే చేసింది. నేను మంట చూశానంతే" అంది వదిన. అని, మా ఆయన వైపు తిరిగి, "ఒరేయ్, అట్టాంటి రాయి ఒకటి మా ఇంట్లోనూ బిగించి పెట్టరా" అంది.

నేను వడ్డించిన కూర నేనే తింటూ తల వంచుకున్నాను. కన్నీళ్లు వచ్చాయి. కారం వల్ల కాదు.

ఈ సంగతి మా వీధంతా పాకింది. పాకించింది అత్తయ్యే. కళ్లద్దాలు తీసేశాక పాలకేంద్రం దగ్గరా, కూరల బండి దగ్గరా మరో మాట లేదు. పదిరోజులు గడవకముందే రెండిళ్ల అవతలుండే టైలర్ గారి భార్య వచ్చింది. వాళ్లు ముస్లింలు, చాలా ఏళ్లుగా మా వీధిలోనే ఉంటున్నారు. ఆవిడకు చేతులు వణుకుతాయి. గిన్నె దించబోయి గంజి కాళ్ల మీద పోసుకుందట. బట్టకట్టు ఇంకా విప్పలేదు.

"మా అబ్బాయి ఆ పెట్టె కొన్నాడమ్మా. అట్టపెట్టెలోంచి తియ్యాలంటేనే భయంగా ఉంది. నేర్పుతావా?" అంది గుమ్మంలోనే నిలబడి.

"లోపలికి రండి పిన్నిగారూ" అన్నాను.

ఆవిడ సంచిలో నాలుగైదు గిన్నెలు తెచ్చుకుంది. వాటిని నల్లరాతి పలక మీద వరసగా పెట్టాం. నేను ఒకటి తీసి ఆవిడ వణికే చేతుల్లో పెట్టాను.

"ముందు గిన్నె బోర్లించి అడుగు చూడండి. ఏం రాసుందో చదవండి."

ఆవిడ దాన్ని కిటికీ వెలుతురుకి తిప్పింది.